జేబులో పాటల పెట్టె

కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టేసిందని మన పెద్దలు అంటూ ఉంటారు. యంత్రాల విషయంలో ఈ సామెత తరచు నిజమవుతుంది. కరెంటు దీపం వచ్చి కిరసనాయిలు దీపాన్ని కొట్టేసింది. ఆటో వచ్చి జట్కాబండిని కొట్టేసింది. ఇప్పుడు మనం చెప్పుకోబోయేది కూడా అటువంటి కథే. ఇందులో పాత నీరు, జేబులో పట్టే పాటల పెట్టె. కొత్త నీరు, స్మార్ట్‌ఫోను.

మీ ఇంట్లో ఎవరికైనా పాట వినాలని బుద్ధి పుడితే ఏం చేస్తారు? ఫోను తీస్తారు. అదే ఫోనుతో మాట్లాడతారు, ఫోటోలు తీస్తారు, దారి తెలుసుకుంటారు, కూరగాయల కొట్లో డబ్బు కూడా చెల్లిస్తారు. అన్ని పనులూ చేసే వస్తువు ఒకటి ఉండగా, ఒక్క పాటల కోసం వేరే వస్తువు ఎందుకు? ఎందుకూ అక్కర్లేదని చాలామంది అంటారు. వారి మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే, పాట మన జేబులోకి ఎలా వచ్చిందో, అక్కణ్ణించి ఫోనులోకి ఎలా దూరిందో ముందు తెలుసుకోవాలి.

ఒకప్పుడు రేడియో అంటే బల్ల మీద పెట్టుకునే పెద్ద పెట్టె. దాని లోపల గాజు వాల్వులుండేవి. అవి వేడెక్కితే గాని పెట్టె పలికేది కాదు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు అనే చిన్న వస్తువు పుట్టింది. వాల్వు చేసే పనిని అది వేడెక్కకుండానే, బహు కొద్ది విద్యుచ్ఛక్తితో చేసేది. ఇందుకు బార్డీన్, బ్రాటెన్, షాక్లీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1956లో నోబెల్ బహుమానం లభించింది. 1954లోనే అమెరికాలో రీజెన్సీ అనే చిన్న రేడియో అమ్మకానికి వచ్చింది. దానిలో ఉన్నవి నాలుగే నాలుగు ట్రాన్సిస్టర్లు. ఆ తరవాత ఇటువంటి రేడియోలు మన దేశంలో కూడా వ్యాపించాయి. మన ఊళ్ళలో ఆ రేడియోకు ‘ట్రాన్సిస్టరు’ అన్నదే పేరైపోయింది.

కాని ఇందులో ఒక చిక్కున్నది. ట్రాన్సిస్టరులో మనకు నచ్చిన పాట రాదు, రేడియో కేంద్రంవారికి నచ్చిన పాట వస్తుంది. మనకు కావలసిన పాట మనకు కావలసినప్పుడు రావాలంటే, పాటను వెంట మోసుకుపోవాలి. గ్రామఫోను రికార్డును జేబులో పెట్టుకోలేం గదా!

ఈ చిక్కును తీర్చటానికి పూనుకున్నవారిలో లూ ఒటెన్స్ అనే ఆయన ఒకరు. ఆయన హాలెండుకు చెందిన ఫిలిప్స్ కంపెనీలో ఇంజనీరు. ఆ రోజుల్లో టేపురికార్డరంటే పెద్ద పెద్ద చక్రాలకు టేపు చుట్టి ఉండేది. ఒటెన్స్ ముందుగా ఒక కొయ్యముక్కను తన కోటు జేబులో సరిగ్గా పట్టేటట్టు కోయించాడు. తాము చేయబోయే రికార్డరు దాన్ని మించి ఉండరాదని నియమం పెట్టాడు. ఆ విధంగా 1963లో క్యాసెట్ తయారైంది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బీ, దానిలో రెండు చిన్న చక్రాలు, వాటికి చుట్టిన సన్నని టేపు. పాట ఇక జేబులో పట్టింది.

అయితే జేబులో పట్టింది క్యాసెట్ మాత్రమే. దాన్ని పాడించే యంత్రం ఇంకా బరువుగానే ఉన్నది. జపానులో సోనీ కంపెనీని స్థాపించిన ఇద్దరిలో మసారు ఇబుకా ఒకరు. ఆయన తరచు విమానంలో దూరదేశాలు వెళ్ళేవాడు. దారిలో సంగీతం వినటానికి తేలికైన యంత్రం ఒకటి కావాలని ఆయన తన ఇంజనీర్లను అడిగాడు. విలేఖరులు మాటలు రికార్డు చేసుకునే చిన్న యంత్రం ఒకటి సోనీ వారి దగ్గిర ఉండేది. ఇంజనీర్లు దానిలో నించి రికార్డు చేసే భాగాలు తీసేశారు. రెండు చెవులకూ వేరువేరుగా ధ్వని వచ్చే ఏర్పాటు చేశారు. 1979 జూలై 1వ తేదీన ఈ యంత్రం ‘వాక్‌మన్’ అనే పేరుతో జపానులో అమ్మకానికి వచ్చింది. వెల 33,000 యెన్లు. రెండు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే పాడేది.

రికార్డు చేయలేని టేపురికార్డరును ఎవరు కొంటారని కంపెనీలోనే కొందరు వెక్కిరించారు. చిత్రమేమిటంటే, ఆ లోటే దానికి బలమైంది. ఉన్న పనుల్లో ఒకటి తీసేస్తే యంత్రం చిన్నదయింది, తేలికయింది, చవక అయింది. మొదట తయారుచేసిన 30,000 వాక్‌మన్లు రెండు నెలలు తిరగకుండానే చెల్లిపోయాయి. క్యాసెట్ వేసే వాక్‌మన్లు మొత్తం మీద ప్రపంచంలో 20 కోట్ల పైన అమ్ముడుపోయాయి.

మొదటి వాక్‌మన్‌లో ఇంకొక తమాషా ఉండేది. ఒక్కడే చెవులు మూసుకుని పాట వినటం మర్యాద కాదని సోనీ కంపెనీ అధిపతి అకియో మొరిటా భావించాడు. అందుచేత దానికి రెండు జతల చెవిగొట్టాలు తగిలించే వీలుంచారు. ఇద్దరు కలిసి వినవచ్చు. మధ్యలో మాట్లాడుకోవాలంటే నారింజరంగు మీట నొక్కితే పాట తగ్గి, ఒకరి మాట ఒకరికి వినబడేది. కాని జనం ఒంటరిగా వినటానికే ఇష్టపడ్డారు. తరవాతి వాక్‌మన్లలో ఆ మీట లేకుండా పోయింది.

ఇక్కడ కథ మలుపు తిరిగింది. 1982లో కాంపాక్ట్ డిస్కు, అంటే సీడీ వచ్చింది. క్యాసెట్‌లో ధ్వని అయస్కాంతపు గుర్తులుగా ఉంటుంది. సీడీలో ధ్వని అంకెలుగా ఉంటుంది. ఒక సెకను ధ్వనిని 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా రాస్తారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు కావాలి. బిట్ అంటే 0 గాని, 1 గాని. ఎడమ చెవికి ఒక కొలత, కుడి చెవికి ఒక కొలత. లెక్క మీరే కట్టి చూడండి: 44,100ను 16తోనూ, తరవాత 2తోనూ గుణిస్తే 14,11,200 వస్తుంది. ఒక్క సెకను పాటకు ఇన్ని బిట్లు! ఎనిమిది బిట్లు ఒక బైట్. మూడు నిమిషాల పాటకు సుమారు 3 కోట్ల 17 లక్షల బైట్లు కావాలి.

అంకెలైపోయిన పాటకు ఒక సుగుణమున్నది. దాన్ని డిస్కు మీదనే ఉంచాలని లేదు. అంకెలు నిలిచే చోటు ఎక్కడ ఉన్నా అక్కడ పాట ఉండగలదు. కాని ఇంత పెద్ద మూట పట్టే చోటు ఆ రోజుల్లో జేబులో దొరికేది కాదు. మూటను చిన్నది చెయ్యాలి.

ఈ పని జర్మనీలో జరిగింది. కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఫ్రాన్‌హోఫర్ సంస్థలోని ఆయన తోటివారూ యంత్రాన్ని వదిలి, మనిషి చెవి సంగతి ఆలోచించారు. గుడిలో పెద్ద గంట మోగుతుండగా పక్కవాడు చెవిలో గుసగుసలాడితే మీకు వినబడుతుందా? వినబడదు. గుసగుస గాలిలో ఉన్నది, కాని గంట దాన్ని కప్పేసింది. పాటలో కూడా ఇటువంటి గుసగుసలు కొల్లలుగా ఉంటాయి. ఒక ధ్వని పక్కనున్న సన్నధ్వనిని కప్పేస్తుంది. చెవి ఎలాగూ వినని దాన్ని రాయటం దేనికి? రాయటం మానేస్తే సరిపోతుంది.

చెప్పటానికి ఇది తేలికే. ఏది వినబడుతుందో, ఏది వినబడదో తెలుసుకోవటానికి ఏళ్ళు పట్టింది. సుజాన్ వేగా అనే గాయని వాద్యాలేవీ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ అనే పాటను బ్రాండెన్‌బుర్గ్ పరీక్షకు వాడుకున్నాడు. తోడుగా వాద్యాలు లేని గొంతులో చిన్న లోపమున్నా ఇట్టే బయటపడుతుంది. ఆ పాటను ఆయన మాటిమాటికీ విని, తన పద్ధతిని సరిదిద్దుకుంటూ వచ్చాడు. ఇలా తయారైన పద్ధతికే ఎంపీ3 అని పేరు. మామూలు ఎంపీ3లో సెకనుకు 1,28,000 బిట్లు చాలు. అంటే మూట పదకొండో వంతుకు తగ్గిపోయింది. మూడు నిమిషాల పాట సుమారు 29 లక్షల బైట్లలో ఇమిడింది.

1998లో కొరియా నించి ఎంపీమాన్, అమెరికా నించి రియో అనే పాటల పెట్టెలు వచ్చాయి. రియోలో పట్టేది 32 మెగాబైట్లు, అంటే సుమారు 3 కోట్ల 20 లక్షల బైట్లు. సీడీలోని పాటను ఉన్నదున్నట్టుగా పెడితే దానిలో ఒకే పాట పడుతుంది. ఎంపీ3 చేసి పెడితే పదకొండు పాటలు పడతాయి. టేపు లేదు, చక్రం లేదు, కదిలే భాగమే లేదు.

అదే కాలంలో జపానులోని తోషిబా కంపెనీవారు కంప్యూటరు డిస్కును 1.8 అంగుళాలకు కుదించారు. దాన్ని దేనికి వాడాలో వారికే ఇంకా తేలలేదు. అమెరికాలోని ఆపిల్ కంపెనీవారు దాన్ని చూసి, 2001 అక్టోబరు 23న ‘ఐపాడ్’ అనే పాటల పెట్టెను లోకానికి చూపారు. దానిలో పట్టేవి వెయ్యి పాటలు! వెల 399 డాలర్లు. మధ్యనున్న చక్రం మీద బొటనవేలు తిప్పుతూ వెయ్యిట్లో కావలసిన పాటను క్షణంలో పట్టుకోవచ్చు. ఐపాడ్ జగత్ప్రసిద్ధి పొందింది. 2008వ లెక్కల సంవత్సరంలో ఆపిల్ వారు 5 కోట్ల 48 లక్షల ఐపాడ్‌లు అమ్మారు. పాటల పెట్టె అంతకుమించిన వైభవం చూడలేదు.

కాని దాని మృత్యువు అప్పటికే పక్క జేబులో పెరుగుతున్నది.

పాటల పెట్టెను విప్పి చూస్తే ఏమేమి ఉంటాయి? అంకెలు దాచే చోటు ఒకటి, బ్యాటరీ ఒకటి, అంకెలను ధ్వనిగా మార్చే చిప్పు ఒకటి, చిన్న తెర, కొన్ని మీటలు. సెల్‌ఫోనును విప్పితే? ఇవన్నీ అక్కడ కూడా ఉంటాయి! ఫోనుకు పాట నేర్పటానికి కొత్త భాగాలు కొనవలసిన పని లేదు. ఉన్న భాగాలకు కొత్త పని చెబితే చాలు. అందుచేత ఫోనులో పాట దాదాపు ఉచితంగా వచ్చేసింది. ఉచితంగా వచ్చేదానితో, డబ్బిచ్చి కొనవలసినది ఎంతకాలం పోటీ పడగలదు?

ఈ ప్రమాదం ఆపిల్ వారికి ముందే తెలిసింది. 2005లో వారు మోటరోలా కంపెనీతో కలిసి పాటలు పాడే ఫోను ఒకటి చేయించారు. లోపల జాగా ఎంత ఉన్నా 100 పాటలకు మించి ఎక్కకుండా దానికి కట్టడి పెట్టారు. అది బాగా అమ్ముడుపోలేదు. ఎవరో ఒకరు పాటల పెట్టెను మింగే ఫోను చేసి తీరుతారు. ఆ పని ఏదో తామే చేస్తే మంచిదనుకున్నారు. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ మూడు యంత్రాలు చూపబోతున్నట్టు సభలో చెప్పి, తీరా అవి మూడూ ఒకటేనని తేల్చాడు. పాటల పెట్టె, ఫోను, ఇంటర్నెట్ చూపే యంత్రం కలిసిన ఆ వస్తువే ఐఫోన్.

తరవాత ఏమైందో లెక్కలే చెబుతాయి. 2008లో ఐపాడ్‌లు 5 కోట్ల 48 లక్షలు, ఐఫోన్లు 1 కోటి 16 లక్షలు. 2014లో ఐపాడ్‌లు 1 కోటి 44 లక్షలు, ఐఫోన్లు 16 కోట్ల 92 లక్షలు. ఆరేళ్ళలో తలకిందులైంది. 2022 మే నెలలో ఆపిల్ వారు చిట్టచివరి రకం ఐపాడ్ తయారీ కూడా ఆపేస్తున్నట్టు ప్రకటించారు. తన బిడ్డను తన చేతులతోనే చంపుకున్నవాళ్ళు వ్యాపారంలో అరుదు. చంపుకోకపోతే వేరేవాళ్ళు చంపేవారని వారికి తెలుసు.

మన వైపు కథ మరొక దారిలో నడిచింది. ఖరీదైన ఐపాడ్ కొనగలిగిన వారు మనలో కొద్దిమందే. మనకు పాటల పెట్టె చవకరకం ఫోనుగానే వచ్చింది. గోరంత మెమరీ కార్డు పట్టుకుని సెల్‌ఫోను కొట్టుకు వెళితే, కొట్టువాడు కొద్ది రూపాయలు తీసుకుని ఘంటసాల పాటలూ, కొత్త సినిమా పాటలూ వందలకొద్దీ ఎక్కించి ఇచ్చేవాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్నెట్ చవక అయింది. పాటను మోసుకుపోవలసిన అవసరమే తగ్గింది. ఎక్కడో ఉన్న కంప్యూటరు నించి పాట గాలిలో వచ్చి ఫోనులో పలుకుతున్నది. కార్డు కొట్లు కూడా పలచబడ్డాయి.

మరి పాత నీరు పూర్తిగా పోయినట్టేనా? వరద వచ్చి వెళ్ళాక ఏటి ఒడ్డున చూడండి. కొన్ని గుంటల్లో పాత నీరు నిలిచే ఉంటుంది. పాటల పెట్టె కూడా కొన్ని గుంటల్లో నిలిచి ఉన్నది.

మొదటి గుంట నిజంగా నీటిలోనే ఉన్నది. ఈతగాడు పాట వింటూ ఈదాలనుకున్నాడనుకోండి. ఫోను ఒడ్డున పెట్టి, తీగె లేని చెవిగొట్టాలు పెట్టుకుని నీటిలో మునిగితే పాట ఆగిపోతుంది. కారణమేమంటే, ఫోను నించి చెవికి పాటను తెచ్చే బ్లూటూత్ తరంగాలు సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు కంపిస్తాయి. మైక్రోవేవ్ పొయ్యిలో వంటకాన్ని వేడిచేసే తరంగాలు కూడా దరిదాపుగా అటువంటివే. వాటిని నీరు పీల్చేసుకుంటుంది. బ్లూటూత్ బలం బహు స్వల్పం గనక అది కొద్ది అంగుళాల నీటిలోనే అణగిపోతుంది. అందుచేత ఈతగాళ్ళకు పాటలను తన కడుపులోనే దాచుకుని చెవికి అంటిపెట్టుకుని ఉండే పెట్టె కావాలి. సోనీ వారి వాక్‌మన్లలో అటువంటివి వచ్చాయి.

రెండవ గుంట పెద్దవాళ్ళది. 2017లో సరిగమ కంపెనీవారు ‘కారవాన్’ అనే పెట్టెను తెచ్చారు. సరిగమ అంటే ఎవరో కారు, కుక్కబొమ్మ గ్రామఫోను రికార్డులు చేసిన పాత కంపెనీయే. కారవాన్ చూడటానికి మన తాతల నాటి రేడియోలా ఉంటుంది. లోపల 5,000 పాత హిందీ పాటలు ముందే ఎక్కించి ఉంటాయి. తరవాత తెలుగు పాటలతో కూడా వచ్చింది. కొనటం, వెతకటం, సంకేతపదాలు గుర్తుపెట్టుకోవటం లేవు. మీట తిప్పితే పాట వస్తుంది. ఇంట్లో అందరి చేతుల్లో ఫోన్లుండగా ఈ పెట్టె లక్షలకొద్దీ ఇళ్ళకు చేరింది.

మూడవ గుంట సంగీతం లోతుగా వినేవారిది. అంకెలను ధ్వనిగా మార్చే చిప్పు మేలురకందై ఉండాలని వారు కోరుకుంటారు. 2016లో ఐఫోన్ నించి చెవిగొట్టం తగిలించే రంధ్రం కూడా తీసేశారు. వీరికోసం సోనీ వారు 2023లో కూడా కొత్త వాక్‌మన్లు విడుదల చేశారు. క్యాసెట్ పోయింది గాని, వాక్‌మన్ పేరు పోలేదు.

ఇక నాలుగవది సొంత పాటల సంగతి. మెమరీ కార్డులోని పాట మీది. గాలిలో వచ్చే పాట అద్దెకొంప వంటిది. ఇంటివాడికీ మధ్యవర్తికీ చెడితే అద్దెకున్నవాడు బయట నిలబడవలసిందే. 2023 మార్చిలో జీ మ్యూజిక్ వారికీ స్పాటిఫై వారికీ ఒప్పందం కుదరక, జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫైలో కనబడకుండా పోయాయి. నెల నెలా డబ్బు కట్టినవారు కూడా నిన్న విన్న పాటను వెతుక్కోవలసి వచ్చింది. పాటను ఫోనులోనైనా, పెట్టెలోనైనా సొంతంగా దాచుకున్నవాడికి ఈ బాధ లేదు.

అన్నీ కలిపి చూస్తే లెక్క ఇలా తేలుతుంది. పది పనులు చేసే యంత్రం వచ్చినప్పుడు, ఒక పని చేసే యంత్రం చాలామంది చేతుల్లో నించి జారిపోతుంది. పాటల పెట్టెకు అదే జరిగింది, దానికి మళ్ళీ వెనకటి వైభవం రాదు. కాని ఆ ఒక్క పనీ ఎవరికి ప్రాణమో, వారి దగ్గిర ఒక పని యంత్రం బతుకుతూనే ఉంటుంది. వాక్‌మన్ పుట్టినప్పుడు రికార్డు చేసే భాగం తీసేయటం దానికి బలమైనట్టే, పాట తప్ప మరేమీ రాకపోవటం ఈనాడు పాటల పెట్టెకు బలమైంది.

ఎందుకంటే, ఫోను పుట్టిందే మనను పిలవటానికి. పాట వింటుండగా అది పిలుస్తుంది, కబురు తెస్తుంది, బొమ్మ చూపుతుంది. వాక్‌మన్‌కు అటువంటి అలవాటు ఉండేది కాదు. ఈ తేడా ఎంతటిదో తెలుసుకోవటానికి ఒక చిన్న ప్రయోగం ఉన్నది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళనడిగి ఫోను తీసుకోండి. మీకు బాగా నచ్చిన పాట ఒకటి పెట్టండి. ధ్వని ఎక్కువ పెంచకండి. పిల్లలు వారానికి 40 గంటలు వినేటట్టయితే 75 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి మాట. ఒక కాగితం దగ్గిర పెట్టుకుని, పాట అయ్యేలోగా ఫోను మరో సంగతి తెచ్చినప్పుడల్లా, లేక మీ చెయ్యి మరో బొమ్మ మీదికి పోయినప్పుడల్లా ఒక గీత గీయండి. తరవాత ఫోనును విమానంలో వాడే ‘ఫ్లైట్ మోడ్’లో పెట్టి, బోర్లించి, అదే పాట మళ్ళీ వినండి. ఫోనులోనే దాచిన పాటైతేనే ఇది సాగుతుంది సుమా! రెండోసారి పాటలో మొదటిసారి వినబడని వాద్యం ఏదైనా వినబడితే, దాని పేరు కూడా ఆ కాగితం మీద రాయండి.